ముందే చెప్పిన మాట

ఎన్నికల నెల వచ్చిందంటే అమలాపురంలో శివశంకర్‌ని 'శివ గారూ' అని పిలవని నాయకుడు ఉండడు. కారు పంపిస్తారు. ఇంట్లో కూర్చోబెట్టి కొబ్బరినీళ్ళు ఇస్తారు. ఏ ఊళ్ళో ఏ వీధి అటు తిరిగిందో, దాన్ని మళ్ళీ ఇటు తిప్పుకోవాలంటే ఏం చెయ్యాలో గొంతు తగ్గించి అడుగుతారు. ఓట్ల లెక్కింపు అయిపోయిన మర్నాడు గడియార స్తంభం దగ్గర అతను ఎదురుపడితే అదే నాయకుడు ఫోను చెవికి ఆనించుకుని పక్కకి తప్పుకుంటాడు. శివశంకర్ దీనికి కష్టపెట్టుకోవడం మానేసి చాలాకాలమైంది. సీజను పని కదండీ మాది, రొయ్యల సాగులాగా అనేవాడు.

అతనికి ఊళ్ళో రెండు పేర్లుండేవి. ఎదురుగా సర్వే శివ, వెనకాల తేడా శివ. ఎన్నికలకు ముందు ఊరూరా మనుషుల్ని పంపి, ఓటర్ల మనసు ఎటుందో కనిపెట్టి, అభ్యర్థికి గెలిచే దారి చెప్పడం అతని వృత్తి కాబట్టి మొదటి పేరు వచ్చింది. తన మనసు మగవాళ్ళ మీదే పోతుందని అతను దాచకుండా చెప్పుకున్నాడు కాబట్టి రెండోది వచ్చింది. ఆ రెండో పేరు ఎవరైనా నోరుజారి ఎదురుగానే అనేస్తే "ఆయ్, నేనేనండి, చెప్పండి" అని మామూలుగా పలికేవాడు. అన్నవాళ్ళే తల దించుకునేవారు.

గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఐ.పోలవరం మండలంలోని చిన్న పల్లెలో పుట్టాడు. తండ్రి అబ్బులు నావ మీద వేటకి వెళ్ళేవాడు. తల్లి మాణిక్యం చేపల గంపతో బస్సెక్కి మురమళ్ళ వీధుల్లో అమ్ముకొచ్చేది. బడి లేని రోజుల్లో పిల్లాడు ఆమె వెనకే తిరిగేవాడు. మాణిక్యం ఏ గడప దగ్గరా చేప కావాలా అని అడిగేది కాదు. గంప దించి, మెట్టు మీద చతికిలబడి, కోడలు నీళ్ళోసుకున్న సంగతి అడిగేది, ముసలాయన దగ్గు తగ్గిందా అని అడిగేది. లేచేసరికి గంప సగం ఖాళీ అయ్యేది. పెద్దయ్యాక హైదరాబాదులో ఒక సర్వే కంపెనీలో చేరినప్పుడు, తెలిసిన పనిలోకే వచ్చినట్టనిపించింది శివశంకర్‌కి.

తన సంగతి అతనికి ఇంటర్‌లోనే తెలిసింది. తెలిశాక కొన్నేళ్ళు అదేదో జబ్బనుకున్నాడు. ఎవరికీ చెప్పకుండా ఉపవాసాలు చేశాడు. అప్పనపల్లి వెళ్ళి స్వామికి మొక్కుకున్నాడు, గుండు చేయించుకున్నాడు. మళ్ళీ జుట్టు వచ్చింది గాని మనసు మారలేదు. హైదరాబాదులో ఆదివారాలు ఒక పార్కులో తనలాంటివాళ్ళు కూడేవారు. అక్కడ మొదటిసారి ఆ మాట పైకి అనగలిగాడు. అన్నాక ఇంటికెళ్ళి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడట.

తండ్రి కామెర్లతో పోయాక తల్లి ఒంటరిదైపోయిందని తిరిగొచ్చాడు. అమలాపురంలో ఒక మందుల షాపు మీద రెండు గదులు అద్దెకి తీసుకున్నాడు. ముందు గది ఆఫీసు, వెనక గది ఇల్లు. రెండు ఎన్నికల్లో అతను చెప్పినట్టే ఫలితాలు రావడంతో పేరు వచ్చింది.

మగవాళ్ళు మగవాళ్ళతో ఉంటే నేరం కాదని సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వబోతోందని తెలిసినప్పుడు, టీవీవాళ్ళు ఇక్కడ మాట్లాడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని వెతికారు. శివశంకర్ మాట్లాడతానన్నాడు. ముందురోజు పల్లెకి వెళ్ళి తల్లి పక్కన కూర్చున్నాడు. ఆమె వల చిక్కు తీస్తోంది.

"నాకు పెళ్ళి చెయ్యాలని చూడకమ్మా. నాకు ఆడపిల్లల మీద మనసు పోదు. మగవాళ్ళ మీదే పోద్ది."

మాణిక్యం చేతులు ఆగలేదు. ఇంకో ముడి విప్పుతూ అంది. "మరి నీకు ఒంట్లో బాలేకపోతే గ్లాసుడు గంజి ఎవరు కాచిస్తార్రా?"

అంతకు మించి ఆమె అడిగింది లేదు. మర్నాడు టీవీలో కొడుకు మొహం చూసి పక్కింటి వీరాయమ్మ పరుగెత్తుకొచ్చింది, మీవాడు ఏదేదో వాగుతున్నాడే మాణిక్యం అని. మాణిక్యం చాట కింద పెట్టకుండానే, నాకు తెలీని కబురేదన్నా ఉంటే చెప్పండమ్మా అంది. వీరాయమ్మ వచ్చిన దారినే వెళ్ళిపోయింది. వారం తిరిగేసరికి పల్లెలో ఆ మాట చప్పబడిపోయింది.

ఈ సంగతి తల్లి చెప్పగా విన్నాడు శివశంకర్. ఆనాటి నుంచి అది అతనికి సూత్రమైపోయింది. పరుగెత్తుకొచ్చేవాడికి చెప్పడానికి ఏమీ మిగలకూడదు. మన మాట ముందు మనమే చెప్పెయ్యాలి. అభ్యర్థులకి అదే చెప్పేవాడు. మీ తమ్ముడి మీద కేసుందని వాళ్ళు అనేలోగా మీరే మైకులో అనెయ్యండి, మీ రెండో సంసారం సంగతి మీరే ఇంట్లో చెప్పెయ్యండి అనేవాడు. ఆదివారాలు తన ఆఫీసుకి వచ్చే కుర్రాళ్ళకీ అదే చెప్పేవాడు.

ఆదివారం ఆ ముందు గది రూపం మారిపోయేది. గోడకున్న మండలాల పటాలు చుట్టేసి పక్కన పెట్టేవాడు. చాపలు పరిచేవాడు. రాజోలు నుంచి, కొత్తపేట నుంచి, ఇంకా ఎక్కడెక్కడి లంకల నుంచో మనుషులు వచ్చేవారు. ఇంట్లోంచి గెంటేసినవాళ్ళు, పెళ్ళి కుదిరి నిద్రపట్టనివాళ్ళు, రేషను కార్డు కోసం తిరిగి తిరిగి విసిగిన హిజ్రాలు. వాళ్ళ కోసం అతను తాసిల్దారు ఆఫీసు ముందు కూర్చున్నాడు, పోలీసు స్టేషను బల్లల మీద పొద్దులు గడిపాడు. అందరికీ ఆఖరున చెప్పేది ఒకటే. ఎవరో చెప్పేలోగా మీరే చెప్పండి. కొందరికి అది కలిసొచ్చింది. కొత్తపేట కుర్రాడొకడు అలా చెప్పినందుకు, వాళ్ళవాళ్ళు అతన్ని ఎక్కడికో వైద్యానికని తీసుకుపోయారు. ఆ తర్వాత అతని ఫోను పనిచెయ్యలేదు. శివశంకర్ చాలారోజులు మథనపడి, చివరికి ఆ కుర్రాడు చెప్పాల్సిన సమయం కానప్పుడు చెప్పాడని తేల్చుకున్నాడు. సూత్రంలో తప్పు వెతకలేదు.

మోహన్ ఆ గదికి ఆదివారం వచ్చినవాడు కాదు. ఇన్వర్టరు బాగుచెయ్యడానికి ఒక మంగళవారం వచ్చాడు. తాటిపాక గ్యాస్ పనుల్లో కాంట్రాక్టు కింద ఎలక్ట్రీషియను. షిఫ్టు లేనప్పుడు ఇలాంటి చిన్న పనులు చేసుకునేవాడు. ఇన్వర్టరు బాగయ్యాక కూడా, బ్యాటరీలో నీళ్ళు చూడాలని ఒకసారి, వైరింగు పాతదని ఒకసారి వచ్చాడు. మూడోసారి ఏ వంకా చెప్పలేక గుమ్మంలో నిలబడిపోయాడు. శివశంకర్ టీ పెట్టాడు. అలా మొదలై, అలాగే ఏళ్ళు నడిచింది.

మోహన్‌ది తక్కువ మాటల తత్వం. ఒక్క షరతు మాత్రం మొదట్లోనే పెట్టాడు. నా పేరు నీ నోట రాకూడదు, మీ అమ్మ దగ్గర కూడా అన్నాడు. అతనికి తల్లి పసితనంలోనే పోతే అక్క బేబి పెంచింది. పెళ్ళయ్యి అత్తారింటికి వస్తూ తమ్ముణ్ణి చంకనేసుకుని వచ్చిందని తాటిపాకలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమెకి పిల్లల్లేరు. మోహనే పిల్లాడు. కొడుతుందని గాని, వెళ్ళగొడుతుందని గాని అతనికి భయం లేదు. ఒక్కసారి అక్క నావంక చూడ్డం మానేస్తే నేను బతకలేను అనేవాడు. అందుకని బోడసకుర్రు వంతెన దాటి తాటిపాక వైపు శివశంకర్ ఎప్పుడూ వెళ్ళేవాడు కాదు. మోహనే ఇటు వచ్చేవాడు.

లోకానికంతటికీ ముందే చెప్పెయ్యమనే మనిషి, ఈ ఒక్క విషయంలో నోరు కట్టేసుకున్నాడు. అది అతనికి ఇబ్బందిగానే ఉండేది. అప్పుడప్పుడు అనేవాడు, అక్కకి చెప్పెయ్ మోహన్, ఎవరో చెప్పేలోగా అని. మోహన్ ఆ మాట వినగానే లేచి, ఫ్యాను రెగ్యులేటరో, స్విచ్చుబోర్డో చూస్తూ ఉండిపోయేవాడు.

ఈలోగా జిల్లా పరిషత్ ఎన్నికలు వచ్చాయి. ఏటి పక్క మండలం నుంచి రత్నమాల అనే ఆవిడ నిలబడింది. భర్త పోయిన తర్వాత కొబ్బరి వ్యాపారం తానే నడుపుకుంటున్న మనిషి. మొదటిసారి ఇంట్లో ముందు గదిలో, అందరి ఎదుట శివశంకర్‌కి కుర్చీ వేయించింది. అది అతనికి బాగా పట్టింది. గెలిస్తే ఏం కావాలో చెప్పండి అని ఆవిడ అడిగినప్పుడు, ఆదివారం మనుషులు కూర్చోడానికి మండలాఫీసులో ఒక గది ఇప్పించండి అన్నాడు. అద్దె గది యజమాని రోజూ సణుగుతున్నాడు, సర్కారు గదయితే ఎవరూ తరమలేరని అతని ఆశ. ఆవిడ చూద్దావండి అంది. ఆ మాటే చాలనుకుని పనిలో దిగాడు.

అవతలి అభ్యర్థి తరఫున పనిచేస్తున్నది బంగారరాజు. నాలుగేళ్ళ కిందట శివశంకర్ దగ్గరే పని నేర్చుకున్నవాడు. అతనికి నేర్పిన వాటిలో పంటు మాట ఒకటి. మనుషుల్నీ బళ్ళనీ కలిపి ఏరు దాటించే పంటు మీదికి ఇద్దరిని ఎక్కించాలి. ఒకరినొకరు ఎరగనట్టే ఎక్కి, మాట్లాడుకుంటూ మాట్లాడుకుంటూ వాదన పెట్టుకోవాలి. చుట్టూ ఉన్నవాళ్ళకి వేరే పనేం ఉండదు, వింటారు. పంటు అవతలి ఒడ్డు చేరేసరికి ఆ మాట ఊళ్ళోకి నడిచిపోతుంది. ఇందులో శివశంకర్ ముఖ్యంగా చెప్పిన కిటుకు ఏమిటంటే, పేరు ఎప్పుడూ అనకూడదు. పేరు చోట ఖాళీ వదలాలి. విన్నవాడు తనకి తెలిసిన పేరు తానే వేసుకుంటాడు. మనం చెప్పిన పేరు కంటే వాడు వేసుకున్న పేరునే గట్టిగా నమ్ముతాడు.

పోలింగు ఇంకా నాలుగు రోజులుందనగా బంగారరాజు బస్టాండు దగ్గర టీ బండి వద్దకి రమ్మని కబురు పెట్టాడు.

"బాగున్నారా గురువుగారూ? చిక్కిపోయేరండి."

"మీరు తిప్పుతున్నారు కదండీ ఊళ్ళన్నీ. మీ వైపు ఎలా ఉంది?"

"మీరు అటుండగా మాకేం బాగుంటదండి. అందుకే వచ్చేను." బంగారరాజు టీ ఊదుకుంటూ కాసేపు వానల గురించి మాట్లాడి, గొంతు మార్చకుండానే అన్నాడు. "మీ గురించి మావాళ్ళు ఏదో అందామన్నారండి. దండగ అన్నాను. ఆయన సంగతి పసిపిల్లాడిక్కూడా తెలుసు, దానికి ఓట్లు రాలవు అన్నాను. కానీ వంతెన అవతల ఒకాయన ఉన్నారంట కదండీ. పాపం, ఆయన సంగతి మాత్రం ఎవరికీ తెలీదంట."

శివశంకర్‌కి నోట్లో టీ వేడి తెలియలేదు.

"ఏ వంతెన అవతల?"

"మీకు తెలీని వంతెనాండి."

"పేరు చెప్పండి."

"పేరెందుకు లెండి, ఒకళ్ళింటి పరువు కదా. మీరు ఈ నాలుగు రోజులూ ఒంట్లో బాలేదని ఇంట్లో పడుకోండి. రేపు పొద్దున్న మావాళ్ళు పంటు ఎక్కరు. అంతేనండి." గ్లాసు బండి మీద పెట్టి, చేతులు జోడించి వెళ్ళిపోయాడు.

శివశంకర్ అక్కడే నిలబడ్డాడు. వేరే ఎవరి గురించైనా అయితే అతను వెంటనే కనిపెట్టేవాడు. పేరు తెలిసినవాడు పేరు మొదటి అక్షరమైనా విసురుతాడు, ఊరి పేరైనా అంటాడు. వంతెన అవతల అంటే సగం కోనసీమ. కానీ ఆ క్షణాన అతనికి కనిపించింది ఒకటే వంతెన, దాని అవతల ఒకటే ఇల్లు.

మోహన్‌కి ఫోను చేశాడు. పలకలేదు. ఏడాదికోసారి యంత్రాలన్నీ ఆపి మరమ్మతులు చేసే రోజులవి. పనివాళ్ళు పొద్దున్నే ఫోన్లు గేటు దగ్గర అప్పగించి లోపలికెళ్తే చీకటి పడ్డాకే బయటికొస్తారు. శివశంకర్ రత్నమాల ఆఫీసుకి వెళ్ళకుండా ఇంట్లో పడుకోవచ్చు. కానీ ఇవాళ తగ్గితే ఇక ప్రతి ఎన్నికకీ ఇదే పగ్గం వేసి లాగుతారు. పైగా గది చేతికందేలా ఉంది. పడుకున్నా వాళ్ళు చెప్పరని నమ్మకమేమిటి అనుకున్నాడు. మోటారు సైకిలు తీశాడు.

వంతెన ఎక్కాక గాలి మొహానికి కొట్టింది. బండి నడుపుతున్నంతసేపూ అతని మనసు పనిమీదే ఉంది. ఎవరికి ముందు చెప్పాలి, ఎలా మొదలుపెట్టాలి, వీరాయమ్మలాంటి వాళ్ళు వచ్చేసరికి బేబి నోట ఏ మాట ఉండాలి. తన తల్లి అన్న మాట ఆమె కూడా అనగలిగితే ఇంకెవరూ ఏమీ చెయ్యలేరు. గేటు దగ్గర సాయంత్రం దాకా ఆగి మోహన్‌తో మాట్లాడవచ్చు. ఆగితే మోహన్ వద్దంటాడని అతనికి తెలుసు. ఆ సంగతి తనకి తెలుసునని మాత్రం ఆరోజు ఒప్పుకోలేదు.

బేబి వరండాలో మిషను మీద జాకెట్టు కుడుతోంది. భర్త సుబ్రహ్మణ్యేశ్వరరావు రొయ్యల మేత కొట్టు దగ్గర ఉన్నాడు. టీవీలో చూసిన మొహమే కాబట్టి ఆమె గుర్తుపట్టింది.

"మీరు సర్వే శివ గారు కదండీ. మా ఓట్లు మీ మండలంలో లేవండి. కూచోండి."

అతను కూర్చున్నాడు. తల్లి దగ్గర నేర్చుకున్న పద్ధతిలో, మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయని అడిగాడు. తన మోకాళ్ళ నొప్పుల సంగతి ఈయనకి ఎలా తెలుసని ఆమె ఆశ్చర్యంగా చూసింది. ఆ చూపుతో అతని తయారీ అంతా చెదిరింది. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. మోహనూ తనూ ఎన్నేళ్ళుగా ఒకటిగా ఉన్నారో, మోహన్ ఎలాంటివాడో, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని, రేపు పొద్దున్న ఎవరైనా వచ్చి అంటే నాకు తెలుసు అని ఆమె అనాలని.

మిషను ఆగిపోయింది. బేబి గుడ్డ మీదున్న దారం తెంపి, పక్కన పెట్టింది. ఆమె మొహంలో కోపం లేదు. లెక్క తప్పిన మనిషిలా ఉంది.

"చెప్పమని వాడు మిమ్మల్ని పంపేడా అండి?"

"లేదండి అక్కగారూ. వాడికి తెలీదు. ఎవరో చెప్పేలోగా నేనే చెబితే మేలని."

"ఎవరండీ చెప్పేది?"

"అవతలి పార్టీవాళ్ళు. రేపు పంటు మీద..."

"ఆళ్ళు నా గుమ్మంలోకి రాలేదండి," అంది బేబి. "మీరొచ్చేరు."

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. తిరిగి రాలేదు. కాసేపు ఖాళీ కుర్చీనీ, మిషను కింద రాలిన ముక్కల్నీ చూసి అతను బండి తీశాడు.

మర్నాడు పొద్దున్న తన మనిషిని పంటు మీదికి పంపాడు. రొయ్యల ధర తప్ప ఎవరూ ఏమీ మాట్లాడలేదని అతను వచ్చి చెప్పాడు. ఆ మర్నాడూ అంతే. పోలింగు రోజు కూడా ఏ మాటా పుట్టలేదు. శివశంకర్ మొదట తేలికపడ్డాడు. భయపడి మానేశారనుకున్నాడు. మోహన్ ఫోను ఎత్తడం లేదు, పనిలో ఉండి ఉంటాడనుకున్నాడు. ఓట్ల లెక్కింపు నాడు రత్నమాల గెలిచింది. రంగులు చల్లుకుంటున్న జనంలో బంగారరాజు ఎదురుపడి, ఓడిపోయినవాడి నవ్వు నవ్వాడు.

"గెలిచేరండి గురువుగారూ. మీరు ఇంట్లో పడుకుంటారనుకున్నాను."

"ఎందుకు చెప్పలేదు మీరు?" అన్నాడు శివశంకర్.

"ఏం చెప్పాలండి?"

"వంతెన అవతలాయన సంగతి."

బంగారరాజు అతని మొహంలోకి చూశాడు. మెల్లిగా అర్థమవుతున్నట్టుంది. నవ్వు పోయింది. "నిజంగా ఉన్నారేంటండి ఎవరైనా? నాకేం తెలుసు. ఇటువైపు ఎవరైనా ఉంటే ఈపాటికి తెలిసేది కదా, అటువైపు ఎవరో ఉండే ఉంటారని ఊరికే అన్నాను. ఖాళీ వదిలెయ్యమని మీరే కదండీ నేర్పేరు."

టపాకాయలు పేలుతున్నాయి. అందులో ఆ తర్వాత అతను ఏమన్నాడో శివశంకర్ వినలేదు.

మోహన్ ఆ ఆదివారం వచ్చాడు. అందరూ వెళ్ళిపోయేదాకా మెట్ల కింద ఆగి, మధ్యాహ్నం ఎండలో పైకి వచ్చాడు. చాపలు ఇంకా పరిచే ఉన్నాయి. గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"కూచో మోహన్."

"పర్లేదండి."

వాళ్ళ మధ్య ఎన్నడూ లేని మర్యాద అది. శివశంకర్ ఇక కూర్చోమనలేదు. అక్క ఏమందని అడిగాడు.

"ఏమీ అనలేదు. అన్నా బాగుండేది. అన్నం పెడతంది. ఇదివరకు నేను తినేదాకా ఎదురుగా కూచునేది, ఇప్పుడు పెట్టేసి మిషను దగ్గరికి పోతంది. బావకి చెప్పలేదు. మస్కట్‌లో తన మరిదికి ఫోను చేసి నాకు పని చూడమంది."

"నువ్వు వెళ్తానన్నావా?"

"ఆయ్."

"నీ పేరు వాళ్ళ నోట పడకూడదనే వెళ్ళేను మోహన్. ఎవరో ఒకళ్ళు అనేస్తారని భయం వేసింది."

"ఎవరన్నా అన్నారా?" అని అడిగాడు మోహన్. శివశంకర్ తల అడ్డంగా ఊపాడు. మోహన్ స్విచ్చుబోర్డు వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. అతని గొంతు పెద్దది కాలేదు గాని, ఆ మర్యాద జారిపోయింది. "నేనే చెప్దావనుకున్నాను శివా. ఎప్పుడో ఒకరోజు. అక్క మిషను కుడతంటే పక్కన కూచుని లోపల్లోపల చెప్పుకునేవోణ్ణి. ఏ మాట ముందు అనాలి, అక్క ఏమంటది, దానికి నేనేమనాలి. ఎన్నేళ్ళు అనుకున్నానో నీకు తెలీదు. చెప్పకపోదును కూడా. చెప్పినా, చెప్పకపోయినా అది నా మాట. నా బతుకు మొత్తానికి దాచుకున్నది అదొక్కటే. నువ్వు వెళ్ళి పది నిమిషాల్లో చెప్పేసొచ్చేవు."

శివశంకర్ ఏదో అనబోయాడు.

"మా అక్క నీకు ఓటరులాగా కనిపించింది," అన్నాడు మోహన్. "నేను కూడా."

అతను వెళ్తూ తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు, ఎప్పుడూ వేసినట్టే, చప్పుడు కాకుండా.

ఆ తర్వాత ఆదివారాలు మనుషులు వచ్చేవారు గాని, శివశంకర్ ఎక్కువగా వినేవాడు. ఇంట్లో చెప్పమంటారా అండీ అని ఎవరైనా అడిగితే, మీ ఇష్టమండి అని ఊరుకునేవాడు. ధైర్యం చెబుతాడని వచ్చినవాళ్ళు నిరాశపడి వెళ్ళేవారు. కొందరు రావడం మానేశారు. గది సంగతి కనుక్కుందామని వెళ్తే రత్నమాల కారు దిగుతూ, కొంచెం ఆగండి శివ గారూ, మావాళ్ళలో కొందరికి ఇష్టం లేదు అంది. ఈసారి కుర్చీ వరండాలో వేయించింది. అతను కూర్చోకుండానే వచ్చేశాడు. రాజోలు నుంచి ఒక నాయకుడు వచ్చే ఎన్నికల కోసం కబురు పెడితే, ఒంట్లో బాలేదని చెప్పించాడు. మాణిక్యం వచ్చి నాలుగు రోజులు ఉండి, ఏం జరిగిందని అడగలేదు. మోహన్ పేరు ఆమె ముందు కూడా అనకూడదన్న షరతు ఇంకా ఉంది కాబట్టి అతనూ చెప్పలేదు. గంజి కాచిచ్చింది, తాగాడు.

మోహన్ మస్కట్ వెళ్ళిపోయాడు. వానలు వెనకబట్టాక ఒక మధ్యాహ్నం శివశంకర్ తాటిపాక వెళ్ళాడు. ఎందుకు వెళ్తున్నాడో అతనికే తెలియదు. ఈసారి ఏ మాటా తయారు చేసుకోలేదు. బేబి వరండాలోనే ఉంది. బండి ఆగిన చప్పుడికి తలెత్తి చూసింది.

"ఇంకేం చెప్పడానికి వచ్చేరండి?"

"ఏమీ లేదండి."

ఆమె మళ్ళీ తల దించుకుని కుట్టింది. అతను గేటు పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఆమె అనలేదు, వెళ్ళమనీ అనలేదు. జాకెట్టు చెయ్యి పూర్తిచేసి, తిరగేసి చూసుకుని, మళ్ళీ విప్పడం మొదలుపెట్టింది. విప్పుతూ, తలెత్తకుండా అడిగింది.

"వాడు మీకు ఫోను చేస్తన్నాడా అండి?"

"లేదండి."

బేబి చేతులు ఆగాయి. ఇన్నాళ్ళూ ఆ ఒక్క అనుమానం ఆమెకి కాస్త ఆసరాగా ఉన్నట్టుంది. కనీసం ఎవరో ఒకరితోనైనా వాడు మాట్లాడుతున్నాడని. మొహం వాడిపోయింది.

"నాక్కూడా చెయ్యట్లేదండి," అంది.

వీధిలో స్కూలు ఆటో ఒకటి పోయింది. బేబి గుడ్డ మడిచి ఒళ్ళో పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. శివశంకర్ గేటు బయటే నిలబడ్డాడు. ఆమెకి చెప్పవలసిన మాట ఒకటైనా ఉంటుందేమోనని వెతుక్కున్నాడు. దొరకలేదు.